కుక్కపిల్లకు స్వెటర్ వేయాలా, ఇన్సూరెన్స్ చేయించాలా? ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ

నయీంనగర్ గల్లీ:

అందరికీ నమస్తే. మేం హన్మకొండలో ఉంటాం. ఇంట్లో రెండు కుక్కలు. పెద్దది రాజు, స్పిట్జ్, మా గల్లీలో అందరూ బొచ్చు కుక్క అంటారు, దానికి 11 ఏళ్లు నిండాయి. చిన్నది టిక్కి, బీగిల్ పిల్ల. దసరా అయిన వారానికి తెచ్చాం, ఇప్పుడు నాలుగు నెలలు దాటి పది రోజులు.

నా భార్యకు పొద్దున డ్యూటీ. అందుకని ఐదున్నరకే టిక్కిని బయట తిప్పుకొస్తుంది. ఈ వారం రోజులుగా వడ్డేపల్లి చెరువు దిక్కు నుంచి వచ్చే గాలికి మనకే చెవులు జివ్వుమంటున్నాయి, అది గేటు దాటగానే గడగడ వణుకుతోంది. చూడలేక ఆమె ఆన్‌లైన్‌లో 450 పెట్టి టోపీ ఉన్న స్వెటర్ తెప్పించింది. టోపీకి రెండు ఊలు బంతులు వేలాడుతుంటాయి. తొడిగిన పది నిమిషాలకే టిక్కి వాటిని నమలడం మొదలుపెట్టింది. మా నాన్న అయితే "మా ఊళ్లో కుక్కలు గడ్డివాములో పండుకునేవి, వాటికి ఏ తల్లి స్వెటర్ అల్లింది" అని ఒకటే నవ్వు. రాత్రి తీయాలని నేను, ఉంచాలని ఆమె. రాజు మాత్రం పొద్దున లేవగానే వెనక కాళ్లు పట్టేసినట్టు నడుస్తున్నాడు. దానికి కూడా ఒకటి కొనాలా?

ఇక రెండోది. నా బండి ఇన్సూరెన్స్ చూసే ఏజెంట్ ఇంటికొచ్చి టిక్కిని చూసి, దీనికి కూడా పాలసీ ఉంది సార్ అన్నాడు. 40 వేల కవరేజీకి ఏడాదికి 3,800 చిల్లర చెప్పాడు. రాజుకు వయసు అయిపోయింది, ఇవ్వరట. టిక్కికి పోయిన నెల చెవిలో చీములాంటిది కారితే డాక్టర్‌కి చూపించి పది రోజులు చుక్కలు వేశాం. ఆ మాట చెబితే ఏజెంట్, "ఫారంలో అది రాయకండి సార్, లేనిపోని తలనొప్పి" అన్నాడు. అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. కుక్కకు ఇన్సూరెన్స్ డబ్బులు నిజంగా వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఎంత తిరిగారు, ఎంత వచ్చింది, దాచకుండా చెప్పండి.

ఉట్నూర్ టీచరమ్మ:

తమ్ముడూ, చలి గురించి నన్ను అడుగు. మా ఆదిలాబాద్ వైపు డిసెంబర్, జనవరిల్లో 10 డిగ్రీల లోపుకి పడిపోవడం మామూలే, పొద్దున ఎనిమిది దాకా మంచు వీడదు. మీ హన్మకొండ చలి మాకు దీపావళి చలి లెక్క. అయినా నాలుగు నెలల పిల్లకు అది తక్కువేం కాదు, ఒంట్లో కొవ్వు ఉండదు, బీగిల్‌కు బొచ్చు పొట్టి. వణుకుతుంటే ఏదో ఒకటి కప్పాల్సిందే.

అయితే ముందు స్వెటర్ కాదు, టైం మార్చండి. ఐదున్నరకు ఎందుకు? మీ నాన్నగారు ఇంట్లోనే ఉంటారు కదా, ఏడున్నరకు ఎండ పొడ తగిలాక ఆయన్ని తిప్పుకురమ్మనండి. సగం చలి అక్కడే పోతుంది, స్వెటర్ మీద ఆయన కామెంట్లు కూడా కొంచెం తగ్గుతాయేమో.

స్వెటర్ కొనేటప్పుడు ఎస్, ఎం, ఎల్ చూసి కొనకండి, ఒక్కో కంపెనీ కొలత ఒక్కోలా ఉంటుంది. టేపు పట్టుకుని మూడు కొలతలు తీసుకోవాలి. మెడ చుట్టూ, ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టూ, మెడ పట్టీ దగ్గర నుంచి తోక మొదలు దాకా వీపు పొడవు. తొడిగాక మెడ దగ్గర మీ రెండు వేళ్లు దూరాలి. పొట్ట కింద భాగం పొట్టిగా ఉండాలి, మగపిల్ల అయితే మరీ, లేకపోతే ఉచ్చతో తడుస్తుంది. తడిసిన స్వెటర్ వేసుకుని తిరగడం కంటే అసలు లేకపోవడం నయం. ఆ టోపీ, ఆ ఊలు బంతులు ఇవాళే కత్తిరించి పారేయండి. చెవి నొప్పి వచ్చిన పిల్లకు చెవులు మూసే టోపీ ఎందుకసలు?

రాత్రి స్వెటర్ వద్దు. మీ మాటే రైటు. రాత్రికి పడక బాగుండాలి. మా ఇంట్లో పద్ధతి చెబుతా. నేల మీద నేరుగా కాకుండా కింద ఒక చెక్క పలకో, అట్టపెట్టె రెండు మడతలుగానో వేసి, దాని మీద పాత జంఖానా, పైన బొంత. మీకేం, కొత్తవాడ పక్కనే ఉంది, జంఖానాలకు కొదవ లేదు. బండల నేల ఒంట్లో వేడిని లాగినట్టు గాలి కూడా లాగదు. కుక్కలు వణికేది సగం ఆ బండల వల్లే. దాని మీద నేను ఒక గొంగడి ముక్క వేస్తా. మా అత్తగారి ఊళ్లో కురుమలు నల్లగొర్రెల ఉన్నితో నేసిన గొంగడి, చింతగింజల గంజి పెట్టినది, మా మామగారు ముప్పై ఏళ్లు కప్పుకుని చిరిగాక మా కుక్కల పాలైంది. గరుకుగా ఉంటుంది, కొత్త కుక్క రెండు రోజులు ఎక్కదు, ఆ తర్వాత దిగదు.

రాజు సంగతి వేరు. స్పిట్జ్‌కు పైన ఒక బొచ్చు, లోపల మెత్తటి ఇంకో బొచ్చు, రెండు పొరలు ఉంటాయి. దానికి చలి సమస్య కాదు, కీళ్లు. పొద్దున పట్టేసి కాస్త నడిచాక వదులవుతున్నాడంటే వయసు నొప్పులే కావచ్చు, డాక్టర్‌కి చూపించండి. స్వెటర్ కంటే వాడికి మెత్తటి పడక ముఖ్యం, పాలిష్ బండల మీద జారకుండా నడిచే దారిలో ఏదైనా పరచండి. బొచ్చు మాత్రం ఎవరో చెప్పారని గొరిగించకండి.

ఇంకొకటి, తలుపులు మూసి గదిలో కుంపటి పెట్టే అలవాటు ఉంటే మానేయండి. బొగ్గుల పొగ మనకే ప్రాణాంతకం. హీటర్ అయితే వైర్లు పిల్ల నములుతుంది. వేడి నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పడక మూలన పెడితే చాలు, దూరం జరగడానికి దానికి చోటుండాలి.

మంకమ్మతోట వాసి, కరీంనగర్:

అన్నా, టీచరక్క చెప్పిన ఆ ఊలు బంతుల మాట ఒక్కటి గట్టిగా పట్టుకో. నా కథ విను.

నాది లాబ్రడార్, బ్రూనో. పోయిన ఏడాది చలికాలంలో ఏడు నెలల పిల్ల. లాబ్‌కు స్వెటర్ అవసరమే లేదు, అయినా మా పిల్లలు ఫోటోల కోసం ఎర్ర స్వెటర్ తొడిగారు. తెల్లారి చూస్తే ఒక చెయ్యి సగం లేదు. ఎక్కడ పడేసిందో అనుకున్నాం. సాయంత్రం వాంతి. మర్నాడు అన్నం ముట్టలేదు, నీళ్లు తాగినా కక్కేస్తోంది. ఇక్కడ ఎక్స్‌రే తీస్తే ఏమీ కనిపించలేదు, ఊలు, గుడ్డ ఎక్స్‌రేలో తెలియవట. రెండో రోజు స్కానింగ్‌లో పేగు ముడుచుకుపోయినట్టు కనిపించింది. రాత్రికి రాత్రి కారులో హైదరాబాద్. పొడుగు దారం ఒక కొస ఇరుక్కుని మిగతాది ముందుకు పోతుంటే పేగు కుచ్చెళ్లలా దగ్గరికి వస్తుందని, ఇంకో రోజు ఆగితే పేగు కోసుకుపోయేదని డాక్టర్ అన్నాడు. ఆపరేషన్, నాలుగు రోజులు అక్కడే. బ్రూనో ఇప్పుడు బాగున్నాడు, నా చెప్పులు తింటున్నాడు.

ఇప్పుడు నువ్వు అడిగిన లెక్క. మొత్తం బిల్లు 46,200. పాలసీ నాలుగు నెలల ముందు తీసుకుని ఉన్నా, అదృష్టం. అందులో ఆహారం, మెడకు పెట్టే ప్లాస్టిక్ గొట్టం, ఇలాంటివి 1,700 తీసేశారు. బయట మెడికల్ షాపులో కొన్న 3,500 మందులకు నేను తెల్ల చీటీ మీద రాయించుకొచ్చా, జీఎస్టీ బిల్లు కాదని అవీ పోయాయి. మిగిలింది 41,000. నా పాలసీలో 20 శాతం మనమే పెట్టుకోవాలని ఉంది, అంటే 8,200. చేతికి వచ్చింది 32,800. రెండు నెలల పది రోజులు పట్టింది.

ఎందుకు పట్టిందో అది చెప్పాలి అసలు. పాలసీలో పేరు బ్రూనో. ఆసుపత్రి బిల్లులో "లాబ్రడార్, మగ" అని మాత్రమే ఉంది. డిశ్చార్జ్ కాగితంలో వయసు ఒకటి, పాలసీలో ఇంకొకటి. ఇది మీ కుక్కేనని రుజువేంటి అని కంపెనీ మెయిల్. మళ్లీ హైదరాబాద్ పోయి డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో స్టాంపు, పేరు సరిచేసిన కాగితం తెచ్చుకున్నా. బస్సు చార్జీలు ఎవరిస్తారు? కాబట్టి ఆసుపత్రిలో పేరు రాయించేటప్పుడే పాలసీ ఫోన్‌లో తెరిచి పెట్టుకుని, పేరు, జాతి, రంగు, పుట్టిన నెల అచ్చం అదే రాయించు. చిప్ వేయిస్తే ఇంకా మంచిది. బియ్యపు గింజంత ఉంటుంది, మెడ దగ్గర చర్మం కింద సూదితో పెడతారు, 15 అంకెల నంబరు వస్తుంది. ఆ నంబరు టీకా కార్డు మీద, పాలసీ మీద, బిల్లు మీద ఉంటే ఈ కుక్కేనా అనే ప్రశ్నే రాదు.

ఏజెంట్ దాచమన్నాడు చూడు, అది మాత్రం అస్సలు వద్దు. రేపు చెవి కోసం కాదు, కాలు విరిగి క్లెయిమ్ పెట్టినా పాత రికార్డులు అడుగుతారు, డాక్టర్ దగ్గర నీ పేరు మీద చెవి చుక్కల చీటీ ఉంటుంది. నిజం దాచారని మొత్తం పాలసీకే ఎసరు పెడతారు. అప్పుడు ఏజెంట్ ఫోన్ ఎత్తడు. ఫారం మీద సంతకం నీది, ఆయనది కాదు.

మామునూరు స్టూడెంట్:

వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను, ఇంకా డాక్టర్‌ని కాలేదు, కాబట్టి దీన్ని చికిత్సగా తీసుకోకండి. కానీ ఇక్కడ అందరూ వణుకు అంటే చలే అనుకుంటున్నారు, అందుకే రాస్తున్నా.

కుక్కపిల్ల వణకడానికి చలి ఒక్కటే కారణం కాదు. జ్వరం, భయం, ఆకలితో షుగర్ పడిపోవడం, కడుపు నొప్పి, వీటన్నిటికీ వణుకుతుంది. ఇంట్లోకి తెచ్చి వెచ్చగా పడుకోబెట్టాక పావుగంటలో ఆగిపోతే చలే. ఆగకపోతే జ్వరం చూడాలి. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అనేది లెక్క కాదు, డిజిటల్ థర్మామీటర్ కొసకు కాస్త వాజిలిన్ రాసి వెనక నుంచి చూడాలి. కుక్కకు మామూలుగానే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది, మన లెక్కలో 101 చూసి జ్వరం అని కంగారు పడొద్దు. 99 కంటే తగ్గితే మాత్రం ఒళ్లు చల్లబడుతోందని అర్థం, వెచ్చగా చుట్టి వెంటనే తీసుకెళ్లాలి.

నాలుగు నెలలు దాటింది అన్నారు, టీకాలు ఎన్ని అయ్యాయో రాయలేదు. అసలు ప్రశ్న అదే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి మూడు, నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకు టీకాలు పడాలి. మూడు నెలలు దాటాక రేబిస్. ఇవి పూర్తికాని పిల్లను పొద్దున్నే వీధి కుక్కలు తిరిగే చోట తిప్పితే చలి కంటే పెద్ద ప్రమాదం పార్వో. రక్తపు విరేచనాలు మొదలైతే చిన్న పిల్లలు రెండు, మూడు రోజుల్లో పోతాయి. ఇన్సూరెన్స్‌కు కూడా ఇదే ముడి. టీకా వేయించి ఉంటే ఆపగలిగే జబ్బు, వేయించకపోవడం వల్ల వస్తే చాలా పాలసీలు పైసా ఇవ్వవు. స్వెటర్ కంటే, పాలసీ కంటే ముందు ఆ కార్డు నింపండి. నట్టల మందు తేదీలు కూడా అందులోనే రాయించుకోండి. పక్కింటివాళ్లకు కుక్కలుంటే చెప్పండి, జూలై 6 జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) నాడు పశువుల దవాఖానల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు.

రాజుకు నొప్పులని ఇంట్లో ఉన్న మాత్ర వేయకండి. మనం వాడే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పిల్లులకైతే పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. జలుబు చేసిందని కర్పూరం, బామ్ రాయడం కూడా వద్దు, అది నాకేస్తుంది.

స్వెటర్ వేస్తే రోజూ తీసి, చేత్తో ఒళ్లంతా తడిమి చూడండి. చంకల్లో ఒరుసుకుపోయి ఎర్రబడుతుంది, బొచ్చు ఉండ కడుతుంది, గోమార్లు లోపల దాక్కుంటాయి. గోమార్లు చలికి చచ్చిపోతాయని మన దగ్గర అనుకోవద్దు, ఇక్కడ ఏడాదంతా ఉంటాయి, టిక్ ఫీవర్ వాటితోనే.

బీగిల్‌కు వేలాడే చెవులు, లోపల గాలి ఆడదు, చెవి జబ్బు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి అది దాచి పాలసీ తీసుకుంటే, ఎక్కువగా వాడాల్సి వచ్చే చోటే దెబ్బ తింటారు.

గోదావరిఖని నైట్ షిఫ్ట్:

అందరూ మంచిగనే చెప్పిండ్రు కానీ నాకొకటి అర్థం కాదు. మన దగ్గర చలి ఎన్ని రోజులు? నలభై, మహా అయితే యాభై రోజులు. ఎండ? మార్చి నుంచి జూన్ దాకా. మా రామగుండం దిక్కు 45 దాటిన రోజులు చూసినవాడికి కుక్క స్వెటర్ అంటే నవ్వొస్తది. ఆ 450 దాచి మే నెలలో ఇంకో కూలర్ పంపు కొనుక్కోండి. కుక్కకు మనలాగ ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయట పెట్టి ఒగర్చడమే దాని కూలర్. మా క్వార్టర్స్‌లో ఒకాయన పగ్ ఉండె, ముక్కు లోపలికి పోయి ఉంటది కదా, రోహిణి కార్తెలో మధ్యాహ్నం బండి మీద ఎక్కించుకుని పోయిండు, తిరిగి రాలేదు అది. హస్కీలు కూడా తెస్తున్నరు ఇప్పుడు, వాటిని చూస్తే నాకే ఉక్కపోస్తది.

నాది దేశీ కుక్క, పేరు కూడా లేదు, ఏయ్ అంటే వస్తది. చలికి బాయిలర్ గోడ పక్కన పండుకుంటది. రేబిస్ సూది మాత్రం ఏటా ఏయిస్త, అది తప్పదు.

ఇన్సూరెన్స్ సంగతి. 3,800 ఏడాదికి వాళ్లకు కట్టే బదులు నెలకు 500 పోస్టాఫీసు ఆర్డీ కట్టుకోండి. జబ్బు రాకుంటే పైసలు మీవే. అయితే ఒక్క మాట ఒప్పుకుంటా. మా మామకు 2017లో గొర్రెల పంపిణీలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు వచ్చినయి, ప్రతి దాని చెవికి బిళ్ళ. బీమాకు ఆ బిళ్ళే ఆధారం. ట్యాగ్ లేకుంటే క్లెయిమ్ లేదు, అది పాత రూలు. గొర్రె చస్తే చెవి కోసి బిళ్ళతో సహా ఉప్పులో పెట్టి ఉంచేటోడు, డాక్టర్ వచ్చి చూసేదాకా. మీ చిప్ కథ వింటే నాకు ఆ చెవే యాదికొచ్చింది. బీమా అంటే జీవం కాదు బాబూ, బిళ్ళ.

మంకమ్మతోట వాసి, కరీంనగర్:

అన్నా, ఆర్డీ మాట నేనూ అనుకున్నా. బ్రూనో ఊలు మింగింది పాలసీ తీసుకున్న నాలుగో నెలలో. ఆర్డీ అయితే అప్పటికి 2,000 ఉండేది. పైగా పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది, మధ్యలో మూడేళ్లు నిండితే గానీ మూసేయనివ్వరు. కుక్క పేగు మూడేళ్లు ఆగుతుందా? పక్కన పెట్టుకోవాలంటే ఎప్పుడంటే అప్పుడు తీసుకునే సేవింగ్స్ ఖాతాలో పెట్టుకోవాలి. ముసలి కుక్కలకు, పాలసీ ఇవ్వని వాటికి అదే దారి. రాజుకు అలా చెయ్యి.

ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. పాలసీలో మూడో మనిషికి నష్టం జరిగితే ఇచ్చే కవర్ విడిగా ఉంటుంది, తీసుకుంటే కలుపుతారు. మన కుక్క డెలివరీ అబ్బాయిని కరిచింది, లేదా బండికి అడ్డం పోయి ఒకడు పడ్డాడు, ఆ ఖర్చుకు అది పనికొస్తుంది. మా గల్లీలో రెండేళ్ల కింద ఇదే జరిగి, ఆసుపత్రి, సూదులు, ఇంటి ముందు పంచాయితీ, 18 వేలు వదిలాయి ఒకాయనకు. నాకైతే ఆపరేషన్ కవర్ కంటే ఇదే ఎక్కువ అవసరం అనిపిస్తుంది, గేటు తీసి ఉంచే ఇళ్లకు మరీ.

కంపెనీ కాదంటే అక్కడితో అయిపోయింది అనుకోకు. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చేది. ఏడాది లోపు పోవాలి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. నాకు అంతదాకా రాలేదు, అక్కడికి పోతానని మెయిల్‌లో ఒక వాక్యం రాసిన వారానికే డబ్బులు పడ్డాయి.

పరకాల టైలరింగ్:

450 పెట్టి ఎందుకు కొంటారమ్మా. ఇంట్లో పెద్దవాళ్ల పాత స్వెటర్ చెయ్యి భుజం దగ్గర కోయండి. మణికట్టు వైపు పట్టీ మెడకు వస్తుంది, వెడల్పు వైపు నడుముకు. ముందు కాళ్లకు రెండు రంధ్రాలు, కోసిన అంచులు మడిచి మిషన్ మీద రెండుసార్లు కుట్టాలి, లేకపోతే దారం ఊడి ఆ కరీంనగర్ అన్న కథే అవుతుంది. గుండీలు, జిప్పులు, లేసులు వద్దు. నాలుగు నెలల బీగిల్‌కు చెయ్యి ఇరుకు అనిపిస్తే ఫ్లానెల్ గుడ్డ చాలు, వీపు మీద వెల్క్రో పెట్టండి, పొట్ట మీద పెడితే నమిలేస్తుంది. మా దగ్గర ఈ చలికాలంలో ఏడో, ఎనిమిదో కుట్టాను. మొదట నవ్వినవాళ్లే తర్వాత కొలతలు పట్టుకొచ్చారు.

నయీంనగర్ గల్లీ:

అందరికీ చాలా థ్యాంక్స్. పది రోజుల తర్వాత రాస్తున్నా, ఏం చేశానో చెప్పాలి కదా.

ఊలు బంతులు ఆ రాత్రే కత్తిరించాను. లెక్క పెడితే ఒకటే ఉంది. రెండోది ఎక్కడుందో తెలియక ఆ రాత్రంతా మాకు నిద్ర లేదు. పొద్దున రాజు పడక కింద దొరికింది. అంతే, ఆ స్వెటర్ అటక మీదికి పోయింది. ఇప్పుడు మా మిసెస్ పాత కార్డిగన్ చెయ్యి, పరకాల అక్క చెప్పినట్టే, పక్కింటామె కుట్టి ఇచ్చింది. పొద్దున ముప్పావుగంట వేసి తీసేస్తున్నాం.

తిప్పడం ఏడున్నరకు మారింది, నాన్న తిప్పుతున్నారు. ఇంటి చుట్టూ మా ప్రహరీ లోపలే, ఎందుకంటే కార్డు తీసి చూస్తే మూడో డోసు రెండు వారాలు ఆలస్యమైంది, రేబిస్ అసలు పడలేదు. చదువుకున్నవాళ్లం, సిగ్గేసింది. మూడో డోసు ఆ రోజే వేయించాం, రేబిస్ ఎప్పుడు వేయాలో డాక్టర్ తేదీ రాసిచ్చారు.

రాజును చూపించాం. నడుము కింద ఎముకలు అరిగాయట, మాత్రలు, బరువు కిలో తగ్గించాలి అన్నారు. పడక మార్చాం, నడిచే దారిలో పాత జంఖానాలు పరిచాం, ఇల్లు పెళ్లివారి ఇల్లులా ఉంది. వాడి పేరు మీద సేవింగ్స్ ఖాతాలో నెలకు 700 పక్కన పెడుతున్నాం.

ఏజెంట్‌కి చెవి సంగతి ఫారంలో రాయమని చెప్పాను. ముఖం మాడ్చుకున్నాడు కానీ రాశాడు. కంపెనీ వాళ్లు డాక్టర్ సర్టిఫికెట్, నాలుగు వైపుల నుంచి ఫోటోలు, టీకా కార్డు అడిగారు, చెవి జబ్బు తప్ప మిగతావి ఇస్తామని రాసి పంపారు. కరిచినప్పటి కవర్ కూడా కలిపితే 4,460 అయింది. కట్టేశాను. ఏజెంట్ మొదట పుట్టిన నెల జూలై అని వేశాడు, ఆగస్టు అని మార్పించాను. కరీంనగర్ అన్న చెప్పకపోతే చూసేవాణ్నే కాదు.

ఒక్క సందేహం మిగిలింది. పాలసీ కాగితంలో మొదటి 30 రోజులు జబ్బులకు వర్తించదు అని ఉంది. అంటే ఈ నెలంతా టిక్కి ఏదైనా మింగితే మనదే ఖర్చా?

మంకమ్మతోట వాసి, కరీంనగర్:

జబ్బుకు ఒక గడువు, ప్రమాదానికి ఇంకో గడువు ఉంటాయి అన్నా. ఊలు మింగడం నా పాలసీలో ప్రమాదం కిందికే వచ్చింది. నీ కాగితంలో ప్రమాదం అంటే ఏమేం అని నిర్వచనం ఉంటుంది, చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో. అది చదివి అర్థం కాకపోతే కంపెనీకే మెయిల్ పెట్టి అడుగు. ఫోన్‌లో వద్దు, మెయిల్‌లోనే, జవాబు దాచుకో.

ఉట్నూర్ టీచరమ్మ:

ఈ నెల చాలు, చెప్పులు కూడా అటక మీద పెట్టేయండి.